పిల్లలు రాని చలికాలం

టీచరమ్మ పోయిందని నాకు మూడు నెలలు ఆలస్యంగా తెలిసింది. కళ్లు చూపించుకోవడానికి దవాఖానకు వెళ్తే, అక్కడి నర్సు నా చీటీ మీద పేరు చదివి ఆగింది.

“మీరు పేపర్ల రాసెటోళ్లు కదా సార్? మా లెక్కల టీచరు మీ ముచ్చట చెప్తుండె.”

“ఏమని చెప్తుండె?”

“మంచోడే గని జర తొందరెక్కువ అని.” నర్సు నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసి, “టీచర్ పోయింది సార్. ములుగుల, చెల్లె ఇంట్ల. మీకు తెల్వదా?” అంది.

నాకు తెలియదు. ఇంటికొచ్చి ఆమె గురించి రాద్దామని కూర్చుంటే, ఆమె ఎప్పుడు పుట్టిందో, ఎక్కడ చదివిందో, పెళ్లెందుకు చేసుకోలేదో, ఇవేవీ నాకు తెలియవని అర్థమైంది. నాకు తెలిసింది ధర్మసాగర్ చెరువు కట్ట మీద ఆమెతో గడిపిన నాలుగు చలికాలాలు. అవే రాస్తాను.

డెబ్బయ్యవ దశకం చివరి సంవత్సరాలవి. నేను పగలు ఒక సహకార సంఘంలో గుమాస్తాను. మిగిలిన వేళల్లో ఒక చిన్న స్థానిక పత్రికకు విలేకరిని. జీతం లేదు, పేరు పడితే చాలనుకునే వయసు. అడవి బాతులు పంటలు తినేస్తున్నాయని ధర్మసాగర్ రైతులు గోల పెడుతున్నారంటే ఒక శనివారం పొద్దున్నే మొదటి బస్సెక్కాను. అదే బస్సులో ముందు సీట్లో ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. తెల్ల చీర, మెడలో సన్నని గొలుసుకు చిన్న శిలువ, ఒళ్లో గుడ్డసంచి. నేను దిగిన చోటే దిగి, నాకంటే వేగంగా కట్ట ఎక్కింది.

నేను ఎక్కేసరికి ఆమె బైనాక్యులర్ పెట్టుకుని నీళ్ల వైపు చూస్తోంది. ఆ బైనాక్యులర్‌కు ఎడమ వైపు అద్దం బూజు పట్టి పనికిరాకుండా పోయింది. అందుకని ఎడమ కన్ను మూసి కుడి కంటితోనే చూసేది. గంటసేపు అలా చూశాక కూడా ఆ కన్ను కాసేపు తెరుచుకునేది కాదు. కట్ట మీద పోయేవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, పది బాతులకొక చింతగింజ చొప్పున ఎడమచేతి గుప్పిట్లోంచి సంచిలో వేసేది.

వాళ్ల నాన్న ఆ రిజర్వాయరు తూము దగ్గర పనిచేసేవాడట. చిన్నప్పుడు కట్ట కింద క్వార్టర్‌లోనే పెరిగింది. ఇప్పుడు వరంగల్‌లో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్తోంది. చలికాలంలో ప్రతి శనివారం పొద్దున్న వచ్చి, బాతులు లెక్కపెట్టి, బడి గంట కొట్టే వేళకు తిరిగి వెళ్లిపోతుంది. ఆదివారం ఎందుకు రారు, తీరిక కదా అంటే, “ఆదివారం చర్చిల ఉండాలె తమ్మీ,” అంది. మొదటి మాటలోనే తమ్మీ అంది. నేను అక్కా అన్నాను.

ఆ రోజు నాకు కావలసిన వార్త ఒక పెద్దాయన తెచ్చాడు. ఆయనకు నీటి ఒడ్డునే చేను ఉంది.

“టీచరమ్మా, నీ బాతులు నా శనగ సాంతం మేసినయ్,” అన్నాడు.

“నావి ఎట్లైతయి పెద్దయ్యా? హిమాలయాల అవతలి నుంచి వచ్చినయ్ అవి. పా, చూద్దాం.”

చేనంతా తిరిగింది. వంగి మొక్కలు తిప్పి చూసింది. అడుగులతో కొలిచింది. నేను పుస్తకం తీసి పట్టుకుని వెనకాలే నడిచాను.

“చెరువు దిక్కున్న నాలుగు సాళ్లు బాతులే మేసినయ్. అది నిజం. నడిమిట్ల పోయింది పురుగుతోని, ఇగో చూడుండ్రి కాయకు బొక్క. తమ్మీ, రెండూ రాయి.”

పెద్దాయనకు ఆ మాట నచ్చలేదు. నాకూ నచ్చలేదు. సగం బాతులు, సగం పురుగు అంటే వార్తకు శీర్షిక ఎట్లా పెట్టాలి?

అది ఆమె తీరు. ఏదైనా తగ్గిందంటే ఒప్పుకునేది కాదు. ఎక్కడ తగ్గిందని అడిగేది. ఒకసారి వానాకాలంలో బడికి పిల్లలు తక్కువగా వస్తున్నారని, వానలే కారణమని పెద్ద టీచరు పైకి రాసి పంపబోతే, ఈమె ఆపిందట. సాయంత్రం దాకా కూర్చుని పేరు పేరునా విచారించింది. జ్వరాలు వచ్చినవాళ్లు కొందరు. కాజీపేటకు ఇల్లు మారినవాళ్లు కొందరు. పెళ్లి చేసి పంపేసిన పిల్లలు ముగ్గురు. వానకు ఆగినవాళ్లు ఇద్దరే. ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లి ఒక పిల్లను మళ్లీ బడికి తెచ్చింది. “వాన అని రాస్తే వాన వెలిసేదాక కూసుందుము గదా,” అంది నాతో.

బాతుల విషయమూ అంతే. “నాలుగే తీర్లు తమ్మీ. పుట్టుడు, సచ్చుడు, వచ్చుడు, పోవుడు. మంద పెరిగినా తరిగినా ఈ నాలుగిట్లనే ఎక్కడో ఉంటది. ఎక్కడో చెప్పకుంట తక్కువైనయ్ అంటే అది లెక్క గాదు, ఏడుపు.”

నాకు బైనాక్యులర్ ఇచ్చి చూపించింది. తెల్లని తల మీద రెండు నల్లచారలుంటే పెద్ద బాతు. చారలు లేకుండా తల వెనక బూడిదరంగు ఉంటే ఆ ఏడు పుట్టిన పిల్ల. పిల్లలు మొదటి చలికాలం తల్లిదండ్రులతోనే ఉంటాయి. వాటిని వేరుగా లెక్కపెట్టి, నోట్‌బుక్‌లో వేరే గడిలో రాసేది. ఎన్ని బాతులున్నాయన్నది ఎవరైనా చెప్తారు, పిల్లలెన్ని అన్నదే అసలు ప్రశ్న అనేది. అప్పుడు నాకది చాదస్తంగానే తోచింది.

మరుసటి చలికాలం బాతులు సగానికి సగం పడిపోయాయి.

నేను చూస్తేనే తెలిసిపోయింది. నీళ్ల మీద అవతలి ఒడ్డు దాకా ఉండే మంద ఒక మూలకు సర్దుకుంది. ఆ ఏడే ఒక తునికాకు కాంట్రాక్టరు జీపులో తుపాకితో రావడం మొదలుపెట్టాడు. అప్పట్లో కొన్ని పక్షుల వేటకు లైసెన్సు దొరికేది, ఆయనకు ఉంది. ఒక శనివారం మా కళ్ల ముందే ఐదు బాతుల్ని కొట్టి, కాళ్లు కట్టి జీపులో వేసుకున్నాడు. టీచరమ్మ ముఖం ఎర్రబడింది. బస్సు హన్మకొండలో దిగాక అంది:

“రాయి తమ్మీ. తుపాకితోని చెరువు ఖాళీ అయితాందని రాయి.”

రాశాను. మొదటిసారి నా పేరు పెద్ద అక్షరాలతో పడింది. కాంట్రాక్టరు పేరు రాయలేదు కాని, రాయనక్కర లేదు, ఆ రోజుల్లో జీపున్నవాళ్లు ఎంతమంది? నలుగురూ ఆయన్ని నిలదీశారు. పిటిషన్లు వెళ్లాయి. అధికారులు విచారణ పేరుతో ఆయన లైసెన్సు తీసి పెట్టుకున్నారు. చర్చిలో అందరూ టీచరమ్మను మెచ్చుకున్నారట. నన్ను మా ఆఫీసులో టీ ఇప్పించి మరీ పొగిడారు.

మూడో చలికాలం తుపాకి లేదు. జీపు రాలేదు. మేమిద్దరం ధైర్యంగా మొదటి శనివారం కట్ట ఎక్కాం.

బాతులు ఇంకా తగ్గాయి.

ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. కిందటేడు భయపడి వేరే చెరువులకు పోయాయేమోనన్నాను. అది “పోవుడు” గడి కాబట్టి ఆమె కొట్టిపారేయలేదు. తన దగ్గర చదువుకుని చుట్టుపక్కల ఊళ్లలో ఉంటున్న ఆడపిల్లలకు కార్డులు రాసింది. మీ ఊరి చెరువులో తల మీద చారలున్న బాతులున్నాయా, ఉంటే ఎన్ని, కిందటేటికన్నా ఎక్కువా తక్కువా అని. స్టేషన్ ఘన్‌పూర్‌కు తనే రైల్లో వెళ్లి చూసి వచ్చింది. కార్డులకు జవాబులొచ్చాయి. ఎక్కడా పెరగలేదు. అన్ని చెరువుల్లోనూ తక్కువే.

ఆ తర్వాతి వారం, ఒక సాయంత్రం, ఆమె మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మా అమ్మీ హడావిడిగా చాప పరిచి చాయ్ పెట్టింది. ఆమె చాయ్ ముట్టకుండా కిందటేటి నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టింది.

“ఇది చదువు.”

మొదటి పేజీ. బాతులు వచ్చిన వారం. మొత్తం సంఖ్య అప్పటికే సగం. పిల్లల గడిలో రెండు.

“జీపు ఎప్పుడొచ్చింది?” అని అడిగింది.

పేజీలు తిప్పాను. అది వచ్చింది నాలుగు వారాల తర్వాత.

“ఆయన తుపాకి పట్టక ముందే సగం లేవు తమ్మీ. పిల్లలు పుట్టలె. పుట్టినా బతకలె. అక్కడ మంచు కరగలేదో, చెరువు ఎండిందో, నక్కలు గుడ్లు తిన్నయో, నాకు తెల్వదు. ముసలియి సచ్చినయ్, వాటి జాగల పిల్లలు రాలె. ఈ ఏడు గూడ అంతే. పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.”

“మరి అప్పుడెందుకు చూడలేదక్కా?”

“నా చేతితోనే రాసిన. కోపంల మొదటి పేజీ తియ్యలె.” నోట్‌బుక్ మూసింది. “ఐదు బాతులు కండ్ల ముందట పడంగనే మిగిలినయన్ని గూడ ఆయనే కొట్టిండనుకున్న. పొరపాటు నాది. నువ్వు పేపర్ల సవరణ వెయ్యాలె.”

నాకు పేరు తెచ్చిన ఒకే ఒక్క వార్త అది. మా ఎడిటరును అడిగితే, ఏడాది కిందటి బాతుల మీద ఇప్పుడు సవరణేమిటని కసిరాడు. నిజం చెప్పాలంటే ఆయన కసరడం నాకు హాయిగానే అనిపించింది. అదే మాట ఆమెతో చెప్పి చేతులు దులుపుకున్నాను.

“సరే. అయితే ఇంటికి పోయి చెప్తా. నువ్వు గూడ రా.”

కాంట్రాక్టరు ఇంటి వరండాలో మమ్మల్ని చూసి లేవలేదు. కూర్చోమనలేదు. లోపలి నుంచి ఆయన భార్య తొంగి చూసి తలుపు దగ్గరే నిలబడింది. టీచరమ్మ నిలబడే మొత్తం చెప్పింది. మొదటి పేజీ చూపించింది. చివరికి సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. కిందటేడు బాతులు తగ్గడానికి ఈయన కారణం కాదనీ, తన మాట తప్పనీ అందులో ముందే రాసి సంతకం పెట్టింది.

“ఇది ఆఫీసుల చూపిస్తే మీ లైసెన్సు వాపస్ ఇస్తరు.”

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. “ఏడాది సంది నన్ను బాతుల దొంగ అంటాన్రు టీచరమ్మా. నా బిడ్డను కాలేజీల అంటాన్రు. ఇప్పుడొచ్చి కాయితం ఇస్తానవా?”

“తప్పే సారూ. ముందే రావలసింది. ముందు తెల్వలె.”

తలుపు దగ్గరి భార్య మెల్లగా, “కూసొండ్రి అమ్మా,” అంది. టీచరమ్మ కూర్చోలేదు.

“ఇంకొక మాట సారూ. ఈ చలికాలం మీరు కొట్టద్దు.”

ఆయన నోరు తెరిచాడు. నేనూ తెరిచాను.

“లైసెన్సు నువ్వే ఇప్పిస్తవు, కొట్టద్దని నువ్వే అంటవు. ఏం లెక్క ఇది?”

“రెండు వేరే వేరే లెక్కలు సారూ. పోయిన ఏడు మంద తగ్గింది మీతోని గాదు. ఈ ఏడు తగ్గితే మీతోనే. ఎందుకంటే మందల పిల్లలు లేవు. పిల్లలు బాగున్న ఏడు మీరు పది కొడితే అండ్ల నాలుగైదు పిల్లలుంటయ్. పిల్లలు ఎట్లన్నగని చానా సస్తయ్. ఇప్పుడు పది కొడితే పదికి పది గుడ్లు పెట్టెటి పెద్దయే. అవి పోతే మల్లొచ్చే ఏడు పుట్టడానికి తల్లులు ఎక్కడియి?”

ఆయన మాట ఇవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, అంతే. దారిలో నాకు కోపం ఆగలేదు. చేతులారా తుపాకి తిరిగి ఇచ్చావని అన్నాను. “తుపాకి ఆయనదే. తప్పు లెక్క చెప్పి గుంజుకున్నం మనం,” అంది. ఆమెకూ భయంగా ఉందని చేతిలోని సంచిని నలుపుతున్న తీరు చూస్తే తెలిసింది.

లైసెన్సు తిరిగొచ్చింది. సంక్రాంతి దాటిన మొదటి శనివారం మేం కట్ట మీదుండగానే జీపు వచ్చింది. ఆయన దిగాడు. మా వైపు చూశాడు. తుపాకి తీసి గురి పెట్టి ఒక్కటే పేల్చాడు. మంద మొత్తం లేచింది. పడిన బాతును ఆయన మనిషి తెచ్చి ఇస్తే, దాన్ని పట్టుకుని నేరుగా మా దగ్గరికి వచ్చాడు.

“చూడు టీచరమ్మా. పెద్దదా, పిల్లనా?”

ఆమె రెండు చేతులా తీసుకుంది. తల తిప్పింది. తెల్లని తల మీద రెండు నల్లచారలు చక్కగా ఉన్నాయి.

“పెద్దది.”

మంద దూరంగా దిగిపోయింది కాని ఒక్క బాతు మాత్రం మా తలల మీదుగా అరుస్తూ తిరుగుతోంది. నీళ్ల దాకా పోయి మళ్లీ వస్తోంది. ఆయన తలెత్తి చూస్తూ అడిగాడు: “అది దీని జోడా?”

“అయ్యుండచ్చు. జతలు విడువకుంట తిరుగుతయ్. ఖాయంగ చెప్పలేను సారూ.”

నేనయితే ఖాయంగా జోడే అనేవాణ్ని. ఆమె ఆ సమయంలో కూడా తెలియని దాన్ని తెలుసని అనలేదు. ఆ మాటే ఆయనకు తగిలిందని నా నమ్మకం. ఆయన తుపాకి జీపులో పెట్టి వెళ్లిపోయాడు. టీచరమ్మ నోట్‌బుక్ తీసి “సచ్చుడు” గడిలో ఒకటి అని రాసి, చాలాసేపు నీళ్ల వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆ చలికాలం మళ్లీ తుపాకి పేలలేదు.

మరుసటి ఏడు పిల్లలు వచ్చాయి.

మొదటి శనివారం ఆమె బైనాక్యులర్ దించకుండా నా చెయ్యి పట్టుకుని లాగింది. నేనూ చూశాను. ప్రతి జత వెనకా రెండో మూడో బూడిదరంగు తలలు. మొత్తం మంద పాత లెక్కకు చేరలేదు గాని, ఒడ్డంతా పిల్లలే. మేం దిగి వస్తుంటే కాంట్రాక్టరు జీపు ఆపి దిగాడు. చేతిలో ఏమీ లేదు.

“పెరిగినయంట గదా టీచరమ్మా. నేను కొట్టనందుకేనా?”

“కొంత,” అంది.

“కొంతంటే ఎంత?”

“తెల్వదు సారూ. పిల్లలు పుట్టింది అక్కడ మంచిగున్నందుకు. కని పుట్టిచ్చిన పెద్దయిట్ల మీరు కొట్టకుంట విడిచినయి గూడ ఉన్నయ్. ఎన్నో చెప్పలేను.”

ఆయన గట్టిగా నవ్వాడు. “ఒక్క మంచి మాట సాఫ్‌గ చెప్పవు గదా నువ్వు!” అని, అయినా సంతోషంగానే జీపెక్కాడు.

ఆ మధ్యాహ్నం నాకు సిగ్గేసింది. మా ముగ్గురిలో ఒకరు తను చేసిన తప్పును ఇంటికి వెళ్లి ఒప్పుకున్నారు. ఇంకొకరు తుపాకి దించారు. ఇందులో ఏమీ చెయ్యనివాణ్ని నేనొక్కణ్నే. ఎడిటరు వెంట పడ్డాను. రోజూ అడిగాను. ఒక వారం ప్రకటన ఒకటి రాక పేజీలో జాగా మిగిలింది. అందులో నా పేరుతోనే సవరణ వేయించాను. ధర్మసాగర్‌లో అడవి బాతులు తగ్గడానికి వేట కారణమని నేను రాసిన వార్త సరికాదు, వేట వల్ల బాతులు తగ్గవు, పాఠకులు గమనించగలరు అని.

పత్రిక పట్టుకుని బడికి పరిగెత్తాను. ఆమె స్టాఫ్ రూంలో ఎర్ర సిరా పెన్నుతో పరీక్ష కాగితాలు దిద్దుతోంది. మెచ్చుకుంటుందని నిలబడ్డాను. చదివి, అదే పెన్నుతో “తగ్గవు” అన్న మాట కింద గీత గీసింది.

“ఇది తప్పు.”

“ఏం తప్పక్కా?”

“తగ్గవు అంటే ఎన్నడూ తగ్గవని. రేపు ఇది చూపిచ్చి ఇంకొకడు తుపాకి పట్టుకొని వస్తే ఏమంటవ్? ఆ ఏడు తగ్గలేదు, అంతవరకే మనకు తెలిసింది.”

“రెండేండ్ల కిందటి పాపానికి మూడు లైన్లు వేసిండక్కా ఎడిటర్. ఇప్పుడు సవరణకు సవరణ అంటే నన్ను గెంటుతడు.”

“గెంటితే ఇద్దరినీ గెంటుతడు. పా, నేనొస్తా.”

మిగిలిన కాగితాలు పక్క టీచరుకు అప్పజెప్పి లేచింది. ఎడిటరు కసిరాడు, బతిమాలాడు, నవ్వాడు. ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఆయన రాసేదాకా కదలలేదు. మరుసటి వారం నాలుగో పేజీ అడుగున, సినిమా ప్రకటన పక్కన, చిన్న అక్షరాల్లో పడింది: కిందటి వారం సవరణలో “తగ్గవు” అన్న చోట “ఆ ఏడు తగ్గలేదు” అని చదువుకోవలెను.